వేసవి కూరగాయలు: ఎప్పుడు విత్తాలన్నదాని కంటే ఎన్ని గుంటల్లో విత్తాలన్నదే ముఖ్యం

అడిగిన ప్రశ్న ఇది: "మాకు వికారాబాద్ వైపు ఎకరం పొలం, ఒక బోరు ఉన్నాయి. ఇంటిల్లిపాదీ కలిసి కూరగాయలు వేద్దామనుకుంటున్నాం. సంక్రాంతి కాగానే బెండ, బీర, దోస విత్తవచ్చా, లేక శివరాత్రి దాకా ఆగాలా?" మా కుటుంబం చేవెళ్ల దగ్గర చాలా ఏళ్లుగా కూరగాయల మీదే బతుకుతోంది కాబట్టి నాకు తెలిసినది చెబుతాను.

తేదీ సంగతి త్వరగానే తేలిపోతుంది. మీ వైపు పల్లెల్లో జనవరి రాత్రులు 10–12 డిగ్రీలకు, కొన్ని రోజుల్లో అంతకంటే కిందికి కూడా దిగుతాయి. నేల 17 డిగ్రీలకు దిగువన ఉన్నంతకాలం బెండ గింజ సరిగా మొలవదు. తడికి ఉబ్బి మట్టిలోనే కుళ్లిపోతుంది. వేసవి బెండను జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి చివరి వరకు విత్తుకోవచ్చని సాధారణంగా సిఫారసు చేస్తారు. కోస్తా జిల్లాల్లో రాత్రులు ఇంతగా చల్లబడవు కనుక అక్కడివారు జనవరిలోనే మొదలుపెట్టుకోగలరు. మన వైపు మాత్రం రథసప్తమి దాటాక, ఫిబ్రవరి రెండో వారంలో విత్తడమే సరైనదని నా గట్టి నమ్మకం. పొద్దున్నే మడిలో చేయి పెట్టి చూస్తే మట్టి చురుక్కుమనే చల్లదనం తగ్గి ఉండాలి. పదిహేను రోజులు ముందు విత్తినవాడు పదిహేను రోజులు ముందు కోయడం నేను చూడలేదు. చలిలో మొలిచిన మొక్క అక్కడే ముడుచుకుని ఉంటుంది, వెనుక విత్తిన మొక్క దాన్ని దాటిపోతుంది.

అయితే కూరగాయల కుటుంబాలను దెబ్బతీసేది తేదీ కాదు. ఫిబ్రవరిలో బోరు నిండుగా పోస్తున్నప్పుడు, ఆ ధారను చూసి విత్తిన విస్తీర్ణమే దెబ్బతీస్తుంది. ఎన్ని గుంటల్లో (ఎకరానికి 40 గుంటలు) విత్తాలో మే నెలలో ఉండబోయే నీరు చెప్పాలి. ఈ మాట మా అమ్మ నుంచి నేర్చుకున్నాను.

మా అమ్మకు ఒక అలవాటు ఉండేది. ఏటా మే నెల నడిమధ్యలో 20 లీటర్ల బకెట్‌ను బోరు పైపు కింద పెట్టించి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో నన్ను లెక్కపెట్టమనేది. ఆ అంకెను మోటారు గది రేకు తలుపు మీద పెయింటుతో రాయించేది. ఒక సంవత్సరం సంక్రాంతి అయిన వారానికి మా అన్న పట్నం నుంచి ఎకరానికంతటికీ సరిపడే బెండ విత్తనాలతో వచ్చాడు. అంతకుముందు వేసవిలో బెండకు మంచి ధర పలికింది కనుక ఈసారి పొలమంతా అదే వేయాలన్నది అతని ఆలోచన. అప్పటికే ట్రాక్టరుకు కూడా చెప్పి పెట్టాడు. అమ్మ వాదించలేదు. బకెట్ తెప్పించి పైపు కింద పెట్టించింది. 20 సెకన్లలో నిండింది. అన్న ముఖం వెలిగిపోయింది. అప్పుడు అమ్మ అతన్ని తలుపు దగ్గరికి తీసుకెళ్లి, కిందటి మేలో రాయించిన అంకె చూపించింది. అక్కడ 40 అని ఉంది.

"ఇయ్యాల పోసినట్టే మే నెలల పోస్తదా బిడ్డా? విత్తనం సంచి చూసి దున్నకు, ఈ తలుపు చూసి దున్ను" అన్నది.

20 గుంటలకు తాడు కట్టించి, దానికి ఇవతల మాత్రమే ఎరువు తోలించింది. మిగిలిన విత్తనాన్ని తిరిగి తీసుకోవడానికి దుకాణదారు ఒప్పుకోలేదు. అన్న చాలా రోజులు అమ్మతో ముభావంగానే ఉన్నాడు. ఏప్రిల్ చివరికి మా బోరు కాసేపు పోసి, కాసేపు గాలి వదలడం మొదలుపెట్టింది. మాకు పైన ఉన్న పొలంలో ఎకరమంతా వేసిన బెండ, సరిగ్గా కాపు జోరందుకునే వేళకు పూత రాల్చి, ఆకు వాల్చి ఎండిపోయింది. ఆ కుటుంబం ట్యాంకరుతో నీళ్లు తెప్పించి పోసినా నిలవలేదు. మా 20 గుంటలు తొలకరి దాకా కాశాయి. మే నెలలో మార్కెట్‌కు సరుకు తక్కువగా వస్తుంది కనుక, నిలిచిన ఆ సగం పొలమే మాకు ఏడాది ఖర్చులు ఇచ్చింది.

ఆ లెక్క మీరూ వేసుకోవచ్చు. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలపాలంటే సుమారు 4,000 లీటర్లు కావాలి. ఏప్రిల్, మే ఎండల్లో నిండుగా పెరిగిన కూరగాయ పైరుకు డ్రిప్‌తో ఇచ్చినా రోజుకు 6 మిల్లీమీటర్లకు తగ్గకుండా కావాలి, అంటే ఎకరానికి దాదాపు 24,000 లీటర్లు. 20 సెకన్లలో 20 లీటర్ల బకెట్ నింపే బోరు గంటకు 3,600 లీటర్లు పోస్తుంది. ఏడు గంటలు నడిస్తే 25,200 లీటర్లు వస్తాయి, ఎకరానికి సరిపోతుంది. అదే బోరు మేలో 40 సెకన్లు తీసుకుంటే 12,600 లీటర్లే వస్తాయి, అవి అరెకరానికే చాలుతాయి. కాలువల ద్వారా పారించేవారైతే విస్తీర్ణాన్ని ఇంకా తగ్గించుకోవాలి.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వడం మొదలయ్యాక నీటి చింత తీరిందని చాలామంది అనుకున్నారు. కరెంటు మోటారును తిప్పుతుంది గాని, భూమిలో లేని నీటిని పుట్టించలేదు. పక్క పొలాల్లో యాసంగి వరి వేస్తే మన కూరగాయల బోరు ముందుగా అడుగంటుతుంది. వరి తన కాలంలో సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది, వేసవి బెండకు అందులో సగం కూడా అవసరం లేదు. వరి వేసేవారి మీద నాకు కోపం లేదు, వారికి మద్దతు ధర ఉంది, మన బెండకాయకు లేదు. కానీ ఒకే భూగర్భ జలాన్ని పంచుకునే రైతులు యాసంగికి ముందు ఒకచోట కూర్చుని ఎవరు ఏమి వేస్తున్నారో మాట్లాడుకోకపోవడం నన్ను ఏటా బాధపెడుతుంది.

నీటి తరువాత చూడవలసింది చేతులు. బెండ విత్తిన 45–50 రోజులకు కోతకొస్తుంది, అప్పటినుంచి రోజు విడిచి రోజు కోయాలి. ఒక్క కోత తప్పితే కాయ ముదిరి నార పడుతుంది, చెట్టు కొత్త పూత మానేస్తుంది. ఆకుల నూగుకు చేతులు దురద పెడతాయి కనుక పాత మేజోళ్లు తొడుక్కుని, ఎండ ఎక్కకముందే పని ముగించాలి. ఇంట్లో ముగ్గురు కోసేవారుంటే అరెకరం బెండే ఎక్కువ. ఎకరంతో లక్షలు వస్తాయని చెప్పే ఫోను వీడియోల్లో ఈ కోసే చేతుల ప్రస్తావన ఉండదు.

వేసవిలో మొక్క పెద్దగా పెరగదు, అందుకే దగ్గరగా విత్తాలి. వర్షాకాలంలో సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు వదిలితే, ఇప్పుడు 45, 15–20 సెంటీమీటర్లు చాలు. దానికి తగ్గట్టు ఎకరానికి 7–8 కిలోల విత్తనం పడుతుంది. ఎండలు ముదిరేకొద్దీ తెల్లదోమ పెరిగి, దానితో ఆకులు పసుపుపచ్చగా మారే పల్లాకు తెగులు వస్తుంది. తెగులును తట్టుకునే అర్క అనామిక వంటి రకాన్ని ఎంచుకోవడం, పొలం చుట్టూ రెండు మూడు వరుసల జొన్న గాని మొక్కజొన్న గాని బెండ కంటే ముందే వేయడం, పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం మందుల ఖర్చును బాగా తగ్గిస్తాయి. బీర, దోస మొలకలు రెండాకుల దశలో ఉండగా గుమ్మడి పెంకు పురుగు తినేస్తుంది, ఆ వారం పొద్దున పొద్దున పాదులు చూడాలి. వాటి మీద గంధకం మాత్రం చల్లవద్దు, ఆకులు మాడతాయి. ఎరువు బాగా మాగినదే తోలండి, పచ్చి పెంట చెదలను పిలుస్తుంది.

విత్తనాల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. బెండ విత్తనానికి కనీస మొలక శాతం 65 అని నిబంధన ఉంది, కానీ ఆ సంగతి ఎంతమంది రైతులకు తెలుసు? పొట్లం మీది వివరాలు చాలాసార్లు ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలతో ఉంటాయి. బిల్లు అడిగి తీసుకోండి, ఖాళీ పొట్లాన్ని కాపు అయ్యేదాకా దాచండి. విత్తడానికి వారం ముందే 100 గింజలను తడి గోనెసంచిలో చుట్టి ఎన్ని మొలుస్తాయో చూసుకోండి.

మీ బోరు మే నెల అంకె మీకు తెలియదు కనుక ఈ ఏడాది సగం పొలానికి మించి వెళ్లవద్దు. ఫిబ్రవరి రెండో వారంలో 10 గుంటల్లో బెండ, 4 గుంటల్లో బీర, దోస వేయండి. మార్చి మధ్యలో బకెట్ పెట్టి మళ్లీ కొలవండి. ధార పెద్దగా తగ్గకపోతేనే మరో 6 గుంటల్లో గోరుచిక్కుడు విత్తండి, అది తక్కువ నీటితోనూ నెట్టుకొస్తుంది. మిగిలిన 20 గుంటలను మే జల్లులకు లోతుగా దున్నించి వదిలేస్తే, జూన్‌లో వంగ, మిరప నాటుకోవచ్చు. మే 15 ప్రాంతంలో బకెట్ నిండడానికి పట్టిన సెకన్లను చెరిగిపోనిచోట రాసి పెట్టుకోండి, వచ్చే ఏడాది ఎన్ని గుంటలు విత్తాలో దాన్ని బట్టే తేల్చుకోవచ్చు.