సిస్టర్ గారికి, దీపం తీసేయమని

సిస్టర్ గారికి నమస్కారం.

నర్సుగా మీ అనుభవాల రాతప్రతి అందింది. మొదటి అధ్యాయం చదవలేక పక్కన పెట్టేశాను. పదవీ విరమణ సభ, సన్మానం, ప్రసంగాలు, పేజీ పేజీకీ "నాది ఉద్యోగం కాదు, సేవ" అన్న మాట. జీతం పెంచమని అడిగినప్పుడల్లా పైవాళ్లు మీకు అప్పజెప్పిన మాట అది. దాన్ని తిరిగి పాఠకుడికి వడ్డించడం ఎందుకు?

రాత్రి డ్యూటీ అధ్యాయం వేరు. సెలైను చుక్కలను గడియారం చూస్తూ లెక్కపెట్టిన చోటు నాకు నచ్చింది. లీటరు సీసా ఎనిమిది గంటల్లో ఎక్కాలి, మిల్లీలీటరుకు 15 చుక్కలు పడే గొట్టం, అంటే నిమిషానికి 31. రోగి చెయ్యి మడిచాడంటే చుక్క ఆగిపోతుంది, మళ్లీ మొదటినుంచి లెక్క. ఆ తర్వాతి పేజీలో, పోయిన మనిషి కళ్లు మూసి, దవడ జారకుండా కట్టు కట్టి, బంధువులు వచ్చేలోపు జుట్టు సర్దారు. వెంటనే "మృత్యువు ఎంత క్రూరమైనది!" అన్నారు. కొట్టేయండి దాన్ని.

పని రాయండి, సిస్టర్ గారూ. నర్సు అనగానే అందరూ, రాత్రిళ్లు దీపంతో గాయపడ్డ సైనికుల్ని చూసుకున్న ఫ్లోరెన్స్ నైటింగేల్ దీపం పట్టుకొస్తారు, మీరూ తెచ్చారు. ఆవిడ లెక్కల మనిషి. క్రిమియా యుద్ధంలో గాయాలకన్నా, నివారించగలిగిన జబ్బులతోనే సైనికులు ఎక్కువమంది పోయారని 1858లో రంగుల పటం గీసి ఏలినవాళ్ల ముందు పెట్టింది. మీ 31 చుక్కలు ఆ కోవలోవి. దీపం తీసేయండి.

అచ్చుయంత్రం దగ్గర ప్రూఫులు దిద్దుకుంటూ బతికిన రోజుల్లో అచ్చుకు అక్షరాలు పేర్చే ఒక కంపోజిటర్ మీద కథ రాశాను. వాడిన సీసపు అక్షరాలను అతను చూడకుండానే, వేళ్ల గుర్తుతో గళ్లలోకి తిరిగి వేస్తాడు. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ పేరా కొట్టేసి, "ఇక్కడ తల్లికి జబ్బు పెట్టండి, గుండె కరుగుతుంది" అన్నాడు. నేను పెట్టలేదు, ఆయన వేయలేదు. ఇప్పుడు ఆయన వారసులకు అన్నీ "స్ఫూర్తిదాయకంగా" ఉండాలట. మిమ్మల్నీ అడుగుతారు, ఇవ్వకండి.

ఒక డాక్టరు రాసిన మోతాదు తప్పని తోచి మందు ఎక్కించకుండా ఆపానని ఒక్క వాక్యంలో తేల్చేశారు. గౌరవమా, ఇంకా భయమా? పెన్షన్ తీసుకుంటున్నారు, ఇక ఎవరు ఏం చేస్తారు? ఏ మందు, అర్ధరాత్రి ఎవరిని లేపారు, ఆయన ఏమన్నాడు, తెల్లవారాక డ్యూటీ అప్పగించేటప్పుడు పుస్తకంలో ఏమని రాశారు? ఇవన్నీ కావాలి. ఆ డాక్టరు పేరు మాత్రం వద్దు. రోగుల పేర్లూ, పోల్చుకోగలిగే ఆనవాళ్లూ మార్చండి. వాళ్లు మీకు చెప్పుకున్నది పుస్తకం కోసం కాదు.

ప్రచురణకర్తల సంగతి తరవాత. ముందుమాటలు నేను ఎవరికీ రాయను. ఆ మోతాదు పేజీలు పంపండి, చేతిరాతైనా పరవాలేదు.