షిగరాకి పూలకూజా: ఒక పక్క గాజు, ఒక పక్క మాడు

ప్రశ్న: జపాన్ వెళ్ళినప్పుడు షిగరాకిలో ఒక పూలకూజా కొన్నానండీ. చేత్తో చేసి, కట్టెల బట్టీలో కాల్చినది. షాపులో ముందువైపే చూశాను. ఇంటికొచ్చి విప్పితే వెనకవైపు నల్లగా, గరుగ్గా మాడినట్టుంది, అక్కడే ఆల్చిప్ప అచ్చుల్లాంటి మచ్చలు మూడున్నాయి. ముందువైపు ఆకుపచ్చ గాజులాంటిది కిందికి కాకుండా అడ్డంగా కారి గడ్డకట్టింది. నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి అడుగున తడి. మా వారు చూసి "డ్యామేజీ సరుకు అంటగట్టారు" అంటున్నారు. నిజంగా మోసపోయానా? ఈ తడి ఆపేదెలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మోసపోలేదండీ. తడి సంగతి తర్వాత చెబుతాను. మిగతావన్నీ ఆ కూజా బట్టీలో ఎక్కడుందో, ఎలా ఉందో చెప్పే ఆనవాళ్ళు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే దాన్ని నిలబెట్టి కాల్చలేదు, పడుకోబెట్టి కాల్చారు.

అక్కడ పాతకాలం నుంచి వాడే బట్టీని అనగామా అంటారు. ఏటవాలు నేల మీద సొరంగంలా పైకి పోయే ఒకే ఒక్క గది అది, కింద మూతి దగ్గర కట్టెలు వేస్తారు, ఎక్కువగా ఎర్ర పైన్ కట్టెలు, ఎందుకంటే వాటిలో జిగురు ఎక్కువ, మంట పొడుగ్గా సాగి వెనక వరుసల దాకా పోతుంది. రాత్రీపగలూ మనుషులు వంతులేసుకుని రోజుల తరబడి కట్టెలు వేస్తూనే ఉంటారు. వేడి 1200 డిగ్రీలు దాటిపోతుంది. మంటతో పాటు ఎగిరిన బూడిద ఎదురుగా ఉన్న పాత్రల మీద వాలుతుంది, అందులోని కాల్షియం, పొటాషియం మట్టిలోని సిలికాని కరిగిస్తాయి, అంతా కలిసి గాజైపోతుంది. మీ కూజా మీదున్న పచ్చదనం అదే. దాన్ని ఎవరూ బ్రష్షుతో పూయలేదు. గాలి చాలని మంటలో, కొద్దిపాటి ఇనుము వల్ల ఆ రంగొచ్చింది. జపాన్‌వాళ్ళు దాన్ని బీదొరో అంటారు, గాజుని పోర్చుగీసులో విద్రో అంటారు, ఆ మాటే అలా మారింది.

కరిగిన గాజు తేనెలాగా కిందికే జారుతుంది కదా. ఇప్పుడు నిలబెట్టిన కూజా మీద ఆ చారలు అడ్డంగా కనబడుతున్నాయంటే, కాలేటప్పుడు అది పక్కకి పడుకుని ఉందన్నమాట. ఒకసారి దాన్ని చేతుల్లోకి తీసుకుని, ఆల్చిప్ప మచ్చలు కిందికి వచ్చేలా మెల్లగా వంచి చూడండి, చారలన్నీ ఒక్కసారిగా సరైన దారిలో పడతాయి. నాకు మొదటిసారి ఇలా ఒకరు వంచి చూపించినప్పుడు ఒళ్ళు జలదరించింది!

ఇక ఆ మచ్చలు. పడుకోబెట్టిన పాత్ర కిందిదానికి అతుక్కుపోకుండా ఆల్చిప్పల్లో మట్టిముద్ద కూరి ఆనిస్తారు. ఆ వేడికి చిప్ప సున్నమైపోతుంది, తర్వాత తడి తగిలితే పొడిగా రాలిపోతుంది, దాని గీతలు మాత్రం కూజా మీద మిగిలిపోతాయి. నల్లటి భాగం నిప్పుల్లో, బూడిదలో కూరుకుపోయిన చోటు. దాన్ని కోగే అంటారు, అంటే మాడు. మట్టిలో తెల్లటి రాయి పలుకులు కూడా కనబడుతుంటాయి చూడండి, అవి ఫెల్‌స్పార్. బివా సరస్సు అడుగున ఒకప్పుడు పేరుకున్న మట్టి కాబట్టి షిగరాకి కూజాల్లో అవి మామూలే.

మీ వారికి ఇంకో సంగతి చెప్పండి. షిగరాకికి కొండ అవతలే ఇగా ఉంది, అక్కడ కాల్చిన పాత నీళ్ళకుండ ఒకటి, అడుగున పెద్ద పగుళ్ళతో, కుంగిపోయినట్టు ఉంటుంది. దాని పేరే యబురెబుకురో, అంటే చిరిగిన సంచి. టోక్యోలోని గోతో మ్యూజియంలో ఉన్న ఆ కుండని జపాన్ ప్రభుత్వం ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించింది. అలాగని ప్రతి పగులూ అందమేనని నేను అనను. నీళ్ళు నిలవని పూలకూజా పూలకూజా కాదు, అంతే.

అందుకే తడి సంగతి చూద్దాం. అడుగంతా సమంగా చెమ్మగిల్లితే అది మట్టిలోని సన్నటి రంధ్రాల వల్ల, లోపల గ్లేజు, అంటే గాజు పూత, లేని గరుకు మట్టికి ఇది సహజం. ఒకే చోట చుక్కలు కడితే, లేదా గీతలా తడి కనబడితే మాత్రం పగులు, కొన్నచోట అడగండి. చెమ్మే అయితే చిక్కటి బియ్యం కడిగిన నీళ్ళు నిండా పోసి ఒక రోజు ఉంచి, పారబోసి, కడిగి బాగా ఆరనివ్వండి. గంజి పదార్థం రంధ్రాల్లో చేరి చెమ్మ తగ్గుతుంది. రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. అప్పటికీ ఆగకపోతే లోపల సన్నటి గాజు గొట్టం పెట్టి అందులో నీళ్ళు పోయండి. జపాన్‌లో వెదురు బుట్టల్లో పూలు పెట్టేటప్పుడు చేసేది ఇదే. ఏం చేసినా అడుగున పళ్ళెం తప్పనిసరి, నేను పెట్టకపోవడం వల్ల చెక్క అలమర మీద పడిన తెల్లటి వలయం ఇప్పటికీ పోలేదు.

పూలు పెట్టేముందు కూజాని పూర్తిగా నీళ్ళలో ముంచి తీసి, పైపైన తుడవండి. పొడిగా ఉన్నప్పుడు బూడిద కొట్టినట్టుండే మట్టి తడవగానే నారింజ ఎరుపులోకి తిరుగుతుంది. జపాన్‌వాళ్ళు సంప్రదాయంగా టీ వేడుక జరిపే గదుల్లో అలా తడిపే పెడతారు. పూలు ఎక్కువ వద్దు. పూలు పొలంలో ఉన్నట్టే ఉండాలన్నది ఆ టీ వేడుక గురువు సెన్ నో రిక్యూ (1522–1591) మాటగా చెబుతారు. ఒక కొమ్మ, ఒక మొగ్గ చాలు.

ప్రశ్న: కట్టెలతో కాల్చిందో, గ్యాస్ బట్టీలో కాల్చిందో చూసి చెప్పగలమా?
– మరో పాఠకుడు

జవాబు: చాలావరకు చెప్పొచ్చు. చుట్టూ తిప్పి చూడండి. కట్టెల బట్టీలో బూడిద ఒక పక్క నుంచి వస్తుంది కాబట్టి మంట వైపు దట్టంగా, వెనక్కి పోయేకొద్దీ పలచగా, గీత గీసినట్టు కాకుండా కలిసిపోతూ ఉంటుంది. ముందు ఇంకో పాత్ర అడ్డు నిలబడితే అంతమేర బూడిద పడక దాని నీడలాంటి మచ్చ కూడా పడుతుంది. చుట్టూ ఒకేలా ఉంటే గ్లేజు పూసి ఉంటారు. అది తప్పేమీ కాదు, కట్టెల పేరు చెప్పి అమ్మితేనే తప్పు. కూజాతో పాటు ఇచ్చే చెక్కపెట్టె మీద సంతకం, ముద్ర ఉంటే చేసినవారెవరో తెలుస్తుంది కానీ ఎలా కాల్చారో తెలియదు, అది కూజానే చెప్పాలి.