అనటేజ్ కావాలంటే రూటైల్ వస్తోందా? మంట పౌడర్ ప్రాజెక్టు, ఉద్యోగాలు

ప్రశ్న: సార్, నాది ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చివరి సంవత్సరం. ఫ్లేమ్ స్ప్రే పైరాలిసిస్‌తో (ద్రావణాన్ని మంటలోకి చిమ్మి పౌడర్ చేసే పద్ధతి) టైటానియం డయాక్సైడ్ నానో పౌడర్ చేస్తున్నాను. అనటేజ్ అనే స్ఫటిక రూపం కావాలి, కానీ ప్రతిసారీ రూటైల్ అనే మరో రూపం కలుస్తోంది. ఈ పనికి ఉద్యోగాలున్నాయా?

జవాబు: ఉన్నాయి. అయితే ‘నానో పౌడర్ చేశాను’ అంటే ఇంటర్వ్యూలో ఎవరూ తలెత్తి చూడరు. ఫేజ్ (స్ఫటిక రూపం) ఎందుకు మారిందో చెప్పగలిగితే చూస్తారు. కాబట్టి ముందు మీ రూటైల్ సంగతి చూద్దాం.

మంటలో కణం ఉండేది మిల్లీసెకన్లే. మంట పొడుగై, వేడిలో ఎక్కువసేపు ఉంటే కణాలు అతుక్కుని పెరుగుతాయి, అనటేజ్ రూటైల్‌గా మారుతుంది. ఆక్సిజన్ చాలకపోయినా అదే దారి. నిమిషానికి 5 మి.లీ. ద్రావణం, 5 లీటర్ల డిస్పర్షన్ ఆక్సిజన్ (ద్రావణాన్ని తుంపరగా చిమ్మేది) మామూలుగా మొదలుపెట్టే జోడీ. ముందు ద్రావణాన్ని 3కి దించి చూడండి, చాలకపోతే ఆక్సిజన్‌ను 7కి పెంచండి. రెండూ ఒకేసారి తిప్పితే దేనివల్ల మారిందో తేలదు.

ద్రావణంలోని టైటానియం ఐసోప్రొపాక్సైడ్‌కు తేమ తగిలితే తెల్లగా గడ్డకట్టి నాజిల్ సూదిని మూసేస్తుంది. రన్‌కు ముందూ తర్వాతా తేమలేని జైలీన్ ద్రావకంతో కడగాలి. మంట ఊగిసలాడిన బ్యాచ్‌ను లెక్కలోకి తీసుకోకండి.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటిక రూపాన్ని గుర్తించే పరీక్ష) కాపర్ కిరణాలకు అనటేజ్ 25.3, రూటైల్ 27.4 డిగ్రీల దగ్గర కనిపిస్తాయి. రూటైల్ తీవ్రతను అనటేజ్ తీవ్రతతో భాగించి, 1.26తో గుణించి, 1 కలపండి. 1ని ఆ మొత్తంతో భాగిస్తే అనటేజ్ వాటా వస్తుంది. స్ఫటికం కట్టని భాగం మాత్రం ఈ లెక్కకు అందదు. చాలామంది జారేది ఇక్కడే.

ఇక ఉద్యోగాలు. మీకు తలనొప్పిగా ఉన్న రూటైలే పిగ్మెంట్ ఫ్యాక్టరీకి సరుకు. కేరళలోని చవరలో కేఎంఎంఎల్ (కేరళ మినరల్స్ అండ్ మెటల్స్) క్లోరైడ్ పద్ధతిలో దాన్నే తయారుచేస్తుంది. ఈ పద్ధతిలో రూటైల్ కోసం టైటానియం టెట్రాక్లోరైడ్‌కు కొంచెం అల్యూమినియం క్లోరైడ్ కలుపుతారు. సిలికా చేరితే కథ అడ్డం తిరిగి అనటేజ్ నిలుస్తుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పౌడర్ల మీదే పనిచేసే కేంద్రం, అక్కడి ప్రాజెక్టు పోస్టుల నోటిఫికేషన్లు చూస్తుండండి. పీహెచ్‌డీకి విదేశాలు అనుకుంటే, ప్రొఫెసర్ ప్రట్సినిస్ బృందం మీ ఫ్లేమ్ స్ప్రే పద్ధతిని పెంచి పోషించిన స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ విశ్వవిద్యాలయం ఒకటి.

దరఖాస్తులో మంట ఫొటోలు వద్దు. ద్రావణం వేగం, ఆక్సిజన్, అనటేజ్ శాతం, బీఈటీ (పౌడర్ ఉపరితల వైశాల్యం) విలువలతో ఒక పట్టిక పెట్టండి. చెడిపోయిన రన్‌లను, కారణం రాసి, అందులోనే ఉంచండి.