కంపాస్ పక్కన పెట్టి కంటితో దిద్దు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫాంట్ షీటు ప్రింటు తీయించి, గోడకు అంటించి నాలుగడుగుల దూరం నుంచి చూశాను. మొదటి ఫాంటే లావుపాటి జామెట్రిక్ డిస్‌ప్లే ఫాంట్, అంటే పెద్ద సైజులో వాడే ఫాంట్, చెయ్యాలన్న నీ పట్టుదల నాకు బాగా నచ్చింది. అక్షరాలన్నీ వృత్తం, చతురస్రం, త్రిభుజాల కొలత ప్రకారం గీశావు. గీసి అక్కడితో ఆపేశావు. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది నాన్నా.

ఇంగ్లీషు క్యాపిటల్ హెచ్ పక్కన క్యాపిటల్ ఓ పెట్టి చూడు. ఫాంట్ సాఫ్ట్‌వేర్ కొలతలో రెండింటి ఎత్తూ 700 యూనిట్లే, అయినా ఓ పొట్టిగా కనబడుతోంది. హెచ్ కాళ్లు బేస్‌లైన్ మీద, అంటే అక్షరాలు నిలబడే గీత మీద, నిండుగా ఆనుతాయి. ఓ మాత్రం అడుగున కాస్త మేరే తాకుతుంది, అందుకే కంటికి చిన్నదనిపిస్తుంది. ఆ అక్షరాన్ని పైన పది యూనిట్లు, కింద పది యూనిట్లు గీత దాటించు. సి, జి, ఎస్‌లకూ అంతే. ఏ, వి కొనలు సూదిగా ఉంచదలచుకుంటే వాటికి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.

ఇక మందం. నిలువు గీతకీ అడ్డగీతకీ ఒకే 180 యూనిట్లు పెట్టావు. మందం సమానంగా ఉంటే అడ్డగీతే లావుగా కనబడుతుంది, బోల్డ్‌లో, అంటే లావు అక్షరాల్లో, అయితే మరీను. దాన్ని 160 దాకా తగ్గించి చూడు. ఓ కూడా పక్కల లావుగా, పైనా కిందా కాస్త సన్నగా ఉండాలి. జర్మన్ డిజైనర్ పాల్ రెన్నర్ గీసిన ఫ్యూచురా ఫాంట్ 1927లో వచ్చింది. దాని ఓ చూస్తే కంపాస్‌తో తిప్పినట్టే ఉంటుంది, కొలిస్తే మందం అంతటా ఒకటి కాదు. రెన్నర్ తొలి చిత్రాల్లో స్మాల్ ఆర్ అంటే నిలువు గీత, పక్కన ఒక చుక్క, అంతే! చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఫాంట్ నిలదొక్కుకున్నది జనానికి అలవాటైన ఆర్‌తోనే. అంతకు ముందు 1925లో హెర్బర్ట్ బేయర్ జర్మనీలోని బౌహౌస్ డిజైన్ బడిలో వృత్తాలూ సరళరేఖలతో, ఒక్క స్మాల్ లెటర్లతోనే యూనివర్సల్ అనే అక్షరమాల గీశాడు. గొప్ప ఆలోచన, అయినా అప్పట్లో అది సీసపు అచ్చుల దాకా రాలేదు. ఈ రెండు పనులూ పక్కపక్కన పెట్టుకుని తీరిగ్గా చూడు.

బోల్డ్‌లో గీత కంటే లోపలి తెలుపు మీదే ఎక్కువ మనసు పెట్టు. నీ స్మాల్ ఈ, స్మాల్ ఏ చూడు, సైజు తగ్గించగానే లోపలి సందు పూడిపోతోంది. సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌సెట్ కొట్టి, అంటే గీతను చుట్టూ ఒకే మేర పెంచి, లావెక్కిస్తే వచ్చే అవస్థే ఇది. అక్షరాన్ని కాస్త వెడల్పు చేసి, అడ్డగీత పల్చన చేసి, ఆ సందు నిలబెట్టు. స్మాల్ ఎన్, ఎమ్, ఆర్‌లలో వంపు నిలువు కాడను కలిసే చోట నల్లటి ముద్ద కడుతోంది. ఆ కలిసే చోట గీతను బాగా సన్నం చెయ్యి. ఎంత సన్నమో నేను చెప్పలేను, నీ కన్నే చెప్పాలి. షీటు తలకిందులుగా తిప్పి కళ్లు చికిలించి చూస్తే ముద్దలన్నీ ఇట్టే బయటపడతాయి.

స్పేసింగ్ ముందు రెండు హెచ్‌ల మధ్య, తర్వాత రెండు ఓల మధ్య కుదుర్చుకో. మిగతావి వాటిని బట్టి సర్దుకుంటాయి. ఏ-వి, ఎల్-టి లాంటి జంటల కెర్నింగ్, అంటే ఆ జంట మధ్య ఎడం సర్దడం, ఆఖర్న చూసుకోవచ్చు. పెద్ద సైజులో వాడే ఫాంట్ కాబట్టి బిగుతుగా ఉన్నా బాగుంటుంది.

లిగేచర్లు, అంటే రెండు అక్షరాలు కలిసిపోయిన జంట అచ్చులు, పెడతానన్నావు. అమెరికన్ డిజైనర్ హెర్బ్ లుబాలిన్ 1968లో అవాంట్ గార్డ్ పత్రికకు గీసిన లోగోలో ఏ, వి ఒకదాని వాలులో ఒకటి ఒదిగిపోతాయి. దాని నుంచే టామ్ కార్నేజ్‌తో కలిసి 1970లో పూర్తి ఫాంట్ తెచ్చారు, బోలెడు లిగేచర్లతో. ఆ పేరులో అవి అంతందంగా అమరడానికి కారణం, ఆ అక్షరాల కోసమే అవి పుట్టడం. నువ్వు నాలుగైదు చాలు, అవీ నిజంగా పక్కపక్కన వచ్చే జంటలకే.

తెలుగూ చేస్తానంటే సంతోషం. కానీ ఇంగ్లీషు మందమే తెచ్చి ఖ, ఘ, ఝలకు పెడితే లోపల ఊపిరాడదు. ఒత్తుల్ని తల్లి అక్షరం కంటే సన్నంగా ఉంచు, కింద వాటికి చోటు ముందే లెక్క వేసుకో.

వాడకం గురించి ఒక మాట. ఇది పోస్టర్‌కి, లోగోకి, శీర్షికకి పనికొచ్చే ఫాంట్. అమెరికన్ చిత్రకారిణి బార్బరా క్రూగర్ పనులు చూడు: ఎర్ర పట్టీ మీద తెల్లటి ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్ (పక్కకు వాలిన లావు అక్షరాలు), నాలుగు మాటలు. గదికి అవతల ఉన్నవాడూ చదివేస్తాడు. అదే ఫాంట్‌లో పేరా పెడితే మూడో లైనుకే కన్ను అలిసిపోతుంది. కింద మ్యాటర్‌కి సాదా టెక్స్ట్ ఫాంట్ వాడమని ఫాంట్‌ని పరిచయం చేసే నీ నమూనా షీటులోనే చూపించు.

క్యాపిటల్ ఐ, స్మాల్ ఎల్, అంకె 1 మూడూ నీ షీటులో ఒకే కర్రలా ఉన్నాయి. ఫోన్ నంబర్లో, కోడ్‌లో పడితే తంటా. ఒకటికి ముక్కు పెట్టు, ఎల్‌కి చిన్న తోక ఇవ్వు, సున్నాని ఓ కంటే ఇరుకు చెయ్యి. ఈ మూడూ దిద్ది, ఒక షీటు చేతిలో పట్టుకు చూసే సైజులో, ఇంకోటి గోడకు అంటించే సైజులో పంపు. స్క్రీన్‌షాట్ వద్దు, పీడీఎఫ్ పంపు, నేనే ప్రింటు తీయించుకుంటాను.

ప్రేమతో,
మామయ్య