అమ్మాయికి క్యాజువాల్టీ పని ఇష్టమే, కానీ అక్కడ ఉండలేకపోతోంది

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి ఎనిమిది నెలలుగా విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీలో చేస్తోంది. నెలలో సగం నైట్ డ్యూటీలే. మొన్న ఒక పేషెంటు తాలూకు మనుషులు ‘డాక్టరేడీ’ అంటూ మీదికొచ్చారట. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మానేసి గుంటూరు వచ్చెయ్, ఏ ఓపీలోనో డయాలిసిస్‌లోనో చేరుదువు అంటే వినదు. ‘ఆ పనే నాకిష్టం అమ్మా, కానీ అక్కడ చేయలేకపోతున్నా’ అంటుంది. సంబంధాలు కూడా చూస్తున్నాం, నైట్ డ్యూటీలంటే అవతలివాళ్లు వెనకాడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన మాట మీ అమ్మాయి అన్నదే. ‘ఆ పనే ఇష్టం, అక్కడ చేయలేకపోతున్నా.’ పని మీద మనసు విరిగిన పిల్ల అలా అనదు, ‘నాకీ నర్సింగే వద్దు’ అంటుంది. ఆమె పనినీ చోటునూ అప్పుడే వేరుచేసి చూసుకుంది. మీరు ఆ రెండింటినీ కలిపి మాన్పించాలనుకుంటున్నారు. నా జవాబంతా ఈ తేడా గురించే.

రాత్రి రెండింటికి క్యాజువాల్టీ ఎలా ఉంటుందో ఆమె మీకు చెప్పి ఉండదు. హైవే మీద బైకు యాక్సిడెంటైన కుర్రాణ్ని 108 వాళ్లు దించి వెళ్తారు, వెనకాలే పదిమంది వస్తారు. ఒక మంచం మీద జ్వరానికి ఫిట్స్ వచ్చిన చంటిపిల్ల. బెంచీ మీద షుగరున్న పెద్దావిడ ‘గ్యాసు పట్టిందమ్మా’ అని చెమటలు తుడుచుకుంటూ కూర్చుని ఉంటుంది. అందరూ కేకలు వినపడే వైపే పరిగెడతారు. ఆ రాత్రి ముందుగా చూడాల్సింది ఆ పెద్దావిడనే కావచ్చు, షుగరు మనుషులకు ఒక్కోసారి ఛాతీనొప్పి తెలియకుండానే గుండెపోటు వస్తుంది. అలాంటి అనుమానం ఉన్నవారికి గుమ్మంలో అడుగుపెట్టిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలంటారు. డాక్టరు యాక్సిడెంటు కేసు మీద వంగి ఉంటారు కాబట్టి ఆ పది నిమిషాలు సిస్టరు చేతిలోనే ఉంటాయి. వచ్చిన ప్రతి మనిషినీ గుమ్మం దగ్గరే చూసి, నాడి, బీపీ, ఆక్సిజన్ పట్టి, ఎరుపు (వెంటనే చూడాల్సినవారు), పసుపు (కాస్త ఆగగలవారు), ఆకుపచ్చ (ఇంకా ఆగగలవారు) అని వేరుచేసే పనిని ట్రయాజ్ అంటారు. అది లేని చోట గట్టిగా అరిచినవాడే ఎరుపు.

నా దగ్గరకొచ్చిన నర్సుల్లో రక్తం చూడలేక, చావు చూడలేక మానేస్తానన్నవాళ్లు తక్కువ. గజిబిజికి అలిసిపోయినవాళ్లే ఎక్కువ. ట్రయాజ్‌కు మనిషి ఉండదు, బిల్లు కట్టారా అని సిస్టరే అడగాలి, ల్యాబుకు శాంపిల్ తనే పట్టుకెళ్లాలి, స్ట్రెచర్ తోసే వార్డుబాయ్ టీకి పోయి ఉంటాడు. ఇంత పనిలో చేయి ఒక్కసారి తడబడితే మెమో మాత్రం ఆమె పేరునే వస్తుంది. దీని వెనక కొంత చరిత్ర కూడా ఉంది. మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక వైద్య విభాగంగా గుర్తించిందే 2009లో. అంతకుముందు క్యాజువాల్టీ అంటే ఎవరికి డ్యూటీ పడితే వాళ్లు నిలబడే గది. చాలా ఆసుపత్రుల్లో బోర్డు మారింది గానీ గది అలాగే ఉంది.

అదే పని సరైన చోట ఎలా ఉంటుందో చెబుతాను. మీది గుంటూరు కాబట్టి పురుగుమందు కేసుల సంగతి మీకు కొత్త కాదు. మిర్చికీ పత్తికీ కొట్టే మందు తాగిన మనిషిని పల్నాడు నుంచి తెస్తారు. నోటివెంట నురగ, ఊపిరితిత్తుల్లో నీరు, కంటిపాప సూదిమొనంత. అది ఆర్గానోఫాస్ఫేటు రకం పురుగుమందైతే దానికి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించి, ఛాతీ పొడిబారే దాకా ప్రతి అయిదు నిమిషాలకూ డోసు రెట్టింపు చేస్తూ పోతారు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వింటూ, నాడి లెక్కపెడుతూ, ఏ నిమిషానికి ఎంత ఇచ్చారో రాస్తూ పక్కనే ఉండేది నర్సే. తక్కువైతే మనిషి ఊపిరాడక పోతాడు. ఎక్కువైతే ఒళ్లు కాలిపోతుంది, పలవరిస్తాడు, గాల్లో ఏవో అందుకుంటుంటాడు. ఆ తేడా మొదట పసిగట్టేదీ ఆమే. ఒక మనిషిని అంటిపెట్టుకుని చేయాల్సిన ఈ పనిలో ఉన్న నర్సుకు ఇంకో నాలుగు మంచాలు కూడా అప్పజెబితే అది ఆమె చేతగానితనం అవుతుందా, చెప్పండి.

దివిసీమ వైపు నుంచి వచ్చే పాముకాటు కేసులూ అంతే. విషం రక్తానికి ఎక్కిందో లేదో తేల్చడానికి పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా లేదా చూస్తారు. ఆ గొట్టాన్ని సబ్బుపొడితో కడిగి ఉంటే గడ్డకట్టే రక్తం కూడా కట్టనట్టే కనిపిస్తుంది. కొత్త గొట్టమే కావాలని పట్టుబట్టే సిస్టరు ఒకరుంటే అక్కరలేని విషం విరుగుడు ఇంజెక్షన్లు తప్పుతాయి. ఇవన్నీ ఏళ్లు పెట్టి నేర్చుకునే విద్యలు. మీ అమ్మాయి ఇష్టం అంటోంది వీటినే అని నా ఊహ.

ఇక ఆ మీదికొచ్చిన మనుషుల సంగతి. కొన్నేళ్ల కిందట మా నాన్నగారిని అర్ధరాత్రి ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. గంటన్నర ఎవరూ నోరు విప్పలేదు. ఇంత చదువుకున్నవాణ్ని, ఇలాంటి శీర్షికలు రాసేవాణ్ని, కౌంటరు బల్ల మీద చరిచాను. ఇప్పటికీ సిగ్గే. అప్పుడొక సిస్టరు వచ్చి, ‘బాబాయిగారూ, ఈసీజీ బాగానే ఉంది, రక్తపరీక్ష రావడానికి ఇంకో అరగంట పడుతుంది, అంతలో ఏమైనా మారితే నేనే వచ్చి చెబుతా’ అంది. అంతే, కుర్చీలో కూలబడ్డాను. గొడవల్లో చాలావాటికి మూలం ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు లేకపోవడమే. కానీ చెప్పే పని కూడా మీ అమ్మాయి ఒక్కదాని నెత్తిన వేయకూడదు. షిఫ్టుకు ఒక మనిషిని దానికే పెట్టిన చోట కేకలు తగ్గుతాయి. తాగి వచ్చి చేయెత్తేవాడి విషయం వేరు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడులకు మన రాష్ట్రంలో 2008 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. ఫిర్యాదు చేయాల్సింది యాజమాన్యం. ‘సర్దుకుపో అమ్మా’ అని ఊరుకున్నారంటే ఆ చోటు గురించి మీకు సగం తెలిసినట్టే. ఇంకో మాట కూడా ఆమెకు తెలిసి ఉండాలి. యాక్సిడెంటు కేసులో పోలీసులు రావాలి, ఎమ్మెల్సీ (పోలీసు కేసుకు సంబంధించిన వైద్య నివేదిక) రాయాలి అని వైద్యం ఆపడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ముందు ప్రాణం, తర్వాత కాగితం.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందు నర్సింగ్ సూపరింటెండెంటును ఒంటరిగా కలిసి మూడు సంగతులు అడగమనండి. రాత్రిపూట మంచాలకు తగ్గ నర్సులను వేస్తారా? ట్రయాజ్‌కు విడిగా ఒకరిని పెడతారా? పేషెంటు తాలూకు మనుషులతో మాట్లాడటానికి వేరే మనిషి ఉంటారా? కోపంగా అడగొద్దు, రాసిచ్చి రావాలి. నెల గడిచినా ఏదీ కదలకపోతే వేరే క్యాజువాల్టీ చూసుకోవచ్చు. ఈసారి చేరేముందు ఒక రాత్రి ఆ గది చూడనివ్వమని అడగాలి. క్రాష్ కార్ట్ (ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడే మందులు, పరికరాల బండి) మీద సరిచూసినట్టు ఆ రోజు సంతకం ఉందా, ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉందా, డాక్టరు నోటితో చెప్పిన డోసును సిస్టరు తిరిగి పలికి రూఢి చేసుకుంటుందా, డ్యూటీ మారేటప్పుడు పేషెంటు మంచం పక్కనే నిలబడి అప్పగిస్తున్నారా, కొత్తగా చేరినవారిని మొదటి వారాల్లో సీనియరు పక్కన ఉంచుతారా లేక మూడోరోజే నైటుకు ఒంటరిగా వేస్తారా. జీతం గురించి అడిగేముందు ఇవి అడగాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామనే చోట అసలు చేరొద్దు.

జీతం ఊసు ఎత్తాను కాబట్టి, సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ 2016లో ఒక మాట చెప్పింది. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని. అది సిఫార్సు మాత్రమే, చేతికొచ్చే మొత్తం మీకు తెలిసిందే. బేరమాడేటప్పుడైనా ఆ అంకె పనికొస్తుంది.

డయాలిసిస్‌ను తక్కువ చేయడం లేదు, అదీ నైపుణ్యమున్న పనే. కానీ మీ అమ్మాయికి ఎనిమిది నెలలు నిండాయి. ఇంకో నాలుగు నెలలు పూర్తయితే ఏడాది అనుభవం వస్తుంది. దాంతో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్‌తో నడిచే ఎమర్జెన్సీ అండ్ డిజాస్టర్ నర్సింగ్ పోస్ట్ బేసిక్ డిప్లొమాకు వెళ్లొచ్చు, చదువు ఒక ఏడాది. డిజాస్టర్ అన్న మాట 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునగడం చూసిన బెజవాడవాళ్లకు విడమరచి చెప్పక్కరలేదు. ఇంకా పైకి అంటే నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్, ఆసుపత్రిలో పనిచేస్తూ చదివే రెండేళ్ల రెసిడెన్సీ కోర్సు. గుండె, ఊపిరి ఆగినప్పుడు ప్రాణం నిలబెట్టడం నేర్పే బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ శిక్షణల సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకోమనండి, రెండేళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగం మీ మనసులో ఉంటే ఎయిమ్స్ వాళ్లు నర్సింగ్ ఆఫీసర్ల కోసం పెట్టే నార్సెట్ పరీక్ష ఉంది. ఎంపికైనవారు దేశంలో ఏ ఎయిమ్స్‌కైనా వెళ్లాల్సి రావచ్చు, మన మంగళగిరే పడుతుందని చెప్పలేం. బీఎస్సీ నర్సింగ్ వాళ్లకు అనుభవం అడగరు, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకే రెండేళ్లు కావాలి. నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం మహిళలకే. వయోపరిమితి మామూలుగా 30 ఏళ్లు కాబట్టి తొందరేమీ లేదు. నైట్ దిగొచ్చి చదవడం మాత్రం కష్టం. పరీక్షకు ముందు రెండు నెలలు డే డ్యూటీ ఇస్తారేమో కనుక్కోవాలి.

రెండు రోజులు తినలేదన్నారు. అది అక్కడితో ఆగితే ఫరవాలేదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, డ్యూటీకి బయల్దేరేటప్పుడు చేతులు వణుకుతున్నా నాలుగు నెలల లెక్క పక్కన పెట్టేయండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. నర్సు కదా, తనకే తెలుస్తుందిలే అనుకోకండి.

సంబంధాల సంగతికొస్తే, నైట్ డ్యూటీ అనగానే వెనక్కి తగ్గేవాళ్లు పెళ్లికి ముందే తగ్గడం మంచిదేగా. ఈసారి నైట్ దిగి ఉదయం బస్సెక్కి గుంటూరు వస్తే కర్టెన్లు వేసి సాయంత్రం దాకా లేపకండి. ‘రాత్రి ఎవరైనా పోయారా’ అని మీరు అడగొద్దు. అన్నం తింటూ తనే చెబితే వినండి.