ధిక్కారం అనే మాట వాడేముందు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ చదివాను. నడక బాగుంది, సంభాషణల్లో ఊపిరి ఉంది. ‘ధిక్కారం’ అన్న మాట దగ్గర మాత్రం నా పెన్సిల్ మాటిమాటికీ ఆగింది. నీ కథానాయిక చూపులో ధిక్కారం, నడకలో ధిక్కారం, చివరికి మంచినీళ్లు వద్దనడంలోనూ ధిక్కారమే. ఇలా ప్రతిచోటా చల్లేశాక, ఆమె పై అధికారి ముందు నిలబడి ‘సంతకం పెట్టను’ అన్న చోట ఆ మాటకు పస లేకుండా పోయింది.

ఆ మాట మొదట్లో ఉన్న ‘ధిక్’ సంస్కృతంలో ఛీకొట్టే అవ్యయం. ధిక్కారం అంటే ఛీ అనడం, తిరస్కరించడం. అధికారాన్ని లెక్కచేయకపోవడం అన్న అర్థం దానిమీద పెరిగిందే. పాతది పోలేదు కూడా. కోర్టు ధిక్కారాన్నే తీసుకో. 1971 నాటి చట్టం ప్రకారం కోర్టు ఉత్తర్వును కావాలని పాటించకపోవడం సివిల్ ధిక్కారం. న్యాయస్థానం పరువు తీసేలా మాట్లాడినా రాసినా క్రిమినల్ ధిక్కారం. ఒకటి మాట వినకపోవడం, రెండోది ఛీ అనడం. మన మాట రెండింటినీ మోస్తోంది.

అందుకే ధిక్కారానికి ఎదుట ఒకరుండాలి. ఎవరూ చూడకుండా గోడ దూకినవాడు నియమాన్ని ఉల్లంఘించాడు, అంతే. ఉల్లంఘనలో ఉన్నది లంఘనం, అంటే దూకడం. గీత గీసినవాడి మొహం చూడకుండానే గీత దాటొచ్చు. అలాగని ఉల్లంఘన ఎప్పుడూ చాటుమాటు పని అనుకోకు. 1930లో ఉప్పు చట్టం మీద కదిలినప్పుడు గాంధీ ముందుగా వైస్రాయికి ఉత్తరం రాసి మరీ బయల్దేరాడు. అయినా దాన్ని శాసనోల్లంఘనం అన్నారు. ఆ పేరులో ఛీ లేదు. 1921-22లో పెదనందిపాడు రైతులు ‘పన్ను కట్టం’ అని భీష్మించినప్పుడు దాన్ని పన్నుల నిరాకరణ అన్నారు. అందులోనూ లేదు. ఈ తేడా చెవికి అందాలి.

ఇక్కడే ఇంకో మాట గుర్తొస్తోంది. 1879 నాటి రంప తిరుగుబాటును రంప పితూరీ అన్నారు. దొరల దస్త్రాల్లోనూ అదే పేరు. ఇప్పుడు పితూరీ అంటే ఒకరి మీద ఇంకొకరికి చాడీలు మొయ్యడం! ఒకప్పుడు సర్కారును హడలెత్తించిన మాట, ఇవాళ పెద్దల గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. నీ కథాకాలం ఏదో చూసుకుని వాడు.

అన్నిటికన్నా ముఖ్యం, మాట ఎవరి నోట్లో ఉందన్నది. ఉపన్యాసకులనీ కవులనీ వదిలెయ్, మామూలు మనిషి ‘నేను ధిక్కరిస్తున్నాను’ అనడు. ‘చెయ్యను’ అంటాడు. ‘ఏం చేసుకుంటావో చేసుకో’ అంటాడు. మరీ పట్టుదల వస్తే ససేమిరా అంటాడు. ధిక్కరించాడు అనేది చాలాసార్లు పైవాడు మోపే నేరం. నీ కథానాయిక చేసిన పనినే చూడు. ఎదురుతిరిగింది అంటే నువ్వు ఆమె పక్కన నిలబడ్డావు. ఎదురుచెప్పింది అంటే పెద్దల వైపు ఒక అడుగు వేశావు. మొండికేసింది అంటే ఆమెను చిన్నపిల్లను చేసేశావు. పని ఒక్కటే, క్రియ మారగానే నువ్వెటు ఉన్నావో పాఠకుడికి తెలిసిపోతుంది. బేఖాతరు చేసింది అని రాస్తే, అది కథలా కాక పత్రికలో శీర్షికలా వినిపిస్తుంది.

ఆ సంతకం సన్నివేశంలో నీ వర్ణనంతా కొట్టెయ్. ఆమెను ‘పెట్టను’ అననివ్వు, ఆపైన కలం మూత పెట్టనివ్వు. ధిక్కారం అన్న మాటను ఆ అధికారి రాసే నివేదికలో పెట్టు, ‘నా ఆదేశాన్ని ధిక్కరించినందున’ అని. కథ మొత్తంలో అది అక్కడే కనిపించాలి. సస్పెన్షన్ కాగితం చేతికి వచ్చాక ఆమె ఆ వాక్యం చదువుకుంటుందా, చదవకుండా మడిచేస్తుందా అన్నది నీ ఇష్టం. నేనైతే చదివిస్తాను.

తిరగరాసి పంపు. ఈసారి పేజీ అంచులు కాస్త వెడల్పుగా వదులు, నా రాతకు చోటు చాలడం లేదు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి