డాక్టర్ సలహా: కళ్లలో మెదిలే ఆట కన్నా పొద్దున అదిరే చెయ్యి ముఖ్యం

ప్రశ్న: నా వయసు 20. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. విజయనగరంలో స్నేహితులతో గది తీసుకుని డిగ్రీ చదువుతున్నాను. రోజూ రాత్రి రెండింటి వరకు ఫోనులో తుపాకుల ఆట ఆడతాను. ఆరు నెలలుగా గంటస్తంభం దగ్గర నడుస్తుంటే మేడల పిట్టగోడల వెనక ఎవరైనా పొంచి ఉన్నారేమోనని కళ్లు వెతుకుతున్నాయి. వెనక బండి చప్పుడైతే చూపు మూలన ఆటలోని మ్యాపు మెరిసినట్లు ఉంటుంది. ఆటలు మనం లోకాన్ని చూసే తీరునే మార్చేస్తాయా? ఇది మానసిక జబ్బా? నిద్ర పట్టక స్నేహితుడు చెప్పిన ఆల్‌ప్రజోలామ్ మాత్ర రెండు నెలలుగా వేసుకుంటున్నాను, ఇంటికి వెళ్లినప్పుడు మానేస్తాను. పొద్దున్నే చెయ్యి అదిరి చేతిలోని బ్రష్షు ఎగిరిపడుతోంది, రెండుసార్లు టీ గ్లాసు జారిపోయింది. నీరసమనుకుని బీ కాంప్లెక్స్ వాడుతున్నాను.
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: మీరు చివర్లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేసిన విషయం దగ్గరే నేను ఆగిపోయాను. కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

నిద్ర లేచిన గంట, రెండు గంటల్లోపు, స్పృహలో ఉండగానే, చేతులు ఒక్కసారిగా అదిరి వస్తువులు జారిపోవడాన్ని నీరసంగా తీసిపారేయకూడదు. మీ వయసువారిలో ఇలాంటి కుదుపులు ఒక రకమైన మూర్ఛకు తొలి గుర్తు కావచ్చు. దీనిని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. ఇది ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య మొదలవుతుంది, కొందరిలో ఇరవై దాటాక బయటపడుతుంది. నిద్ర తగ్గడం దీనిని రెచ్చగొట్టే కారణాలన్నింటిలోకి బలమైనది. కొందరికి మినుకుమనే వెలుగు కూడా పడదు. జపాన్‌లో 1997 డిసెంబరు 16న ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం కాంతులు వేగంగా మారుతూ మెరిసిన దృశ్యం చూసి ఆరు వందల మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు, వారిలో పలువురికి మూర్ఛ వచ్చింది. చీకటి గదిలో ముఖానికి దగ్గరగా ఫోను పెట్టుకుని అర్ధరాత్రి దాటేవరకు ఆడే మీకు నిద్రలేమి, మెరిసే వెలుగు రెండూ ఒకేసారి తోడవుతున్నాయి.

మీకు ఆ జబ్బే ఉందని నేను అనడం లేదు. చూడకుండా, పరీక్షించకుండా అలా అనడం తప్పు. నిద్రలోకి జారేటప్పుడు కాలో చెయ్యో ఉలిక్కిపడటం ఆరోగ్యవంతులకూ ఉంటుంది. ఆల్‌ప్రజోలామ్ ఉన్నట్టుండి ఆపినా వణుకు, కుదుపులు వస్తాయి. కుదుపులు మాత్ర మొదలుపెట్టక ముందే ఉన్నాయా, మానేసిన రోజుల్లోనే వస్తున్నాయా అన్నది మీరు రాయలేదు. వైద్యుడు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే కాబట్టి గుర్తు చేసుకుని వెళ్లండి. కుదుపులు వచ్చే వేళ గదిలోని స్నేహితుడి చేత వీడియో తీయించండి. అది వైద్యుడికి ఎంతో ఉపయోగపడుతుంది. మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష అవసరం కావచ్చు.

ఇక ఆ మాత్ర సంగతి. ఈ విషయంలో నేను మిమ్మల్ని కొంచెం మందలించక తప్పదు. ఆల్‌ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1 కింద ఉన్న మందు. వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ దుకాణదారు రిజిస్టరులో రాసి ఆ వివరాలను మూడేళ్లు భద్రపరచాలి. ఇన్ని కట్టుబాట్లు ఉన్నది ఆ మందు వారాల్లోనే అలవాటుగా మారుతుంది కనుక, అలవాటుపడిన మెదడుకు దానిని హఠాత్తుగా దూరం చేస్తే మూర్ఛ సైతం రావచ్చు కనుక. పైగా వేసుకున్న రోజుల్లో అది కుదుపులను అణచివేస్తుంది, దానితో అసలు జబ్బు ఉన్నా తెలియదు. మీరు పట్నంలో ఉండగా వేసుకోవడం, ఇంటికెళ్లి మానేయడం, మళ్లీ మొదలుపెట్టడం అన్నింటికంటే ప్రమాదకరమైన పద్ధతి. అలాగని ఇది చదివి ఈ రాత్రే ఆపేయవద్దు. ఎంత మోతాదు వాడుతున్నారో వైద్యుడికి దాచకుండా చెప్పి, ఆయన సూచించిన ప్రకారం మెల్లగా తగ్గించుకోవాలి. మూర్ఛకు వాడే కొన్ని మందులు కూడా ఈ రకం కుదుపులను ఎక్కువ చేస్తాయి కాబట్టి, ఇంకొకరి చీటీ చూసి కొనుక్కోవడం అసలు వద్దు.

కొన్నేళ్ల క్రితం మీ ఈడు కుర్రాడినే నా దగ్గరకు తీసుకొచ్చారు. పొద్దున్న చేతులు అదురుతున్నాయంటే నరాల బలహీనత అని రెండేళ్లపాటు బలం ఇంజెక్షన్లు చేయించారు, గాలి సోకిందని తాయెత్తూ కట్టించారు. చివరకు చెరువు గట్టు మీద పూర్తిస్థాయి ఫిట్ వచ్చి పడిపోయాడు, పక్కన మనుషులు ఉన్నందువల్ల బతికాడు. సరైన మందు మొదలయ్యాక అతడికి మళ్లీ ఫిట్ రాలేదు. ఆ రెండేళ్లు వృథా అయ్యాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక మీరు అడిగిన ప్రశ్న. ఆట చూపును మారుస్తుంది, అది నిజమే. గంటల తరబడి ఒకే పని చేస్తే మెదడు ఆ పనికి తగ్గట్టు తయారవుతుంది. చింతపల్లి తీరంలో వేట ముగించుకుని ఒడ్డెక్కిన మత్స్యకారులకు కాసేపు నేల ఊగుతున్నట్లే ఉంటుంది. జూట్ మిల్లులో పనిచేసి వచ్చిన వారికి పడుకున్నాక కూడా మగ్గం చప్పుడు చెవిలో మోగుతుందని నా దగ్గరకు వచ్చే వారే చెబుతారు. 2000లో హార్వర్డ్‌కు చెందిన రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం, పైనుంచి రాలే ఇటుకలను పేర్చే టెట్రిస్ అనే వీడియో ఆట ఆడిన వారిని పరిశీలించగా, నిద్రలోకి జారే వేళ చాలామందికి రాలిపడే ఆ ఇటుకలే కనిపించాయి. మతిమరుపు జబ్బువల్ల తాము ఆ ఆట ఆడామన్న సంగతే గుర్తులేని కొందరికీ అవే కనిపించాయి. ఆటలోని అనుభవాలు ఇలా నిత్యజీవితంలోకి రావడాన్ని బ్రిటన్ పరిశోధకులు గేమ్ ట్రాన్స్‌ఫర్ ఫినామినా అన్నారు. ఇందులో మేలూ ఉంది. ఇలాంటి ఆటలు ఆడేవారు చుట్టూ ఉన్న వస్తువులను ఇతరుల కన్నా చురుకుగా గమనించగలరని 2003లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది.

పిట్టగోడ వెనక ఎవరూ లేరని మీకు వెంటనే తెలుస్తున్నంత వరకు దీనిని మానసిక జబ్బు అనలేము. నిజంగానే ఎవరో వెంటాడుతున్నారని నమ్మకం కలిగినా, మాటలు వినిపించినా, ఆట ఆపలేక చదువూ భోజనమూ పోతున్నా మానసిక వైద్యుడిని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. అయితే ఆ మూలన మెరిసే మ్యాపు ప్రతిసారీ ఒకే చోట, ఒకే తీరున వచ్చి, ఆ క్షణంలో మీకు ఒళ్లు తెలియకుండా పోతుంటే దానిని ఆట ప్రభావమని వదిలేయకండి. అది కూడా న్యూరాలజిస్టుకు చెప్పవలసిన లక్షణమే.

పరీక్షలు పూర్తయ్యేవరకు బండి నడపవద్దు, చెరువులో, నదిలో ఒంటరిగా దిగవద్దు, మిద్దె అంచున నిలబడవద్దు. రాత్రి పదకొండుకల్లా ఫోను పక్కన పెట్టండి. మీకు ఎప్పుడైనా ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, చేతిలో తాళాలు పెడుతూ కూర్చోకూడదని, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయాలని గదిలోని స్నేహితులకు ఈ రోజే చెప్పండి. ఈ వారంలోనే విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలోనో, విశాఖ కేజీహెచ్ న్యూరాలజీ విభాగంలోనో చూపించుకోండి. వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్ట, వీడియో తీసుకుని, ఇంట్లో పెద్దవారిలో ఒకరిని వెంటబెట్టుకుని బస్సులోనో రైలులోనో వెళ్లండి.